అనూష కోసం ఒక మనవి

ఎవాంజెలిన్ నెల్లూరు యూనివర్సిటీ హాస్టల్లో చేరిన రోజు ఆమె పడుకోబోయే మంచానికి కూడా ప్రార్థన జరిగింది. సూళ్లూరుపేట సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి అయిన వాళ్లమ్మ రెబెక్కమ్మ ఆ ఇనప మంచం మీద చెయ్యి పెట్టి, తర్వాత కిటికీ మీద పెట్టి, కాస్త ఆలోచించి తలుపు గడియ మీద కూడా పెట్టి, అన్నిటినీ పేరుపేరునా దేవునికి అప్పజెప్పింది. స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు నడిపే నాన్న క్రీస్తురాజు అంతసేపూ సూట్‌కేసు చేత్తో పట్టుకునే నిలబడ్డాడు, కింద పెట్టమని ఎవరూ చెప్పలేదు గనక.

రెండో మంచం మీద కూర్చుని జామకాయ తింటున్న అమ్మాయి ఈ కార్యక్రమాన్నంతా టీవీ చూసినట్టు చూసింది. పేరు అనూష. ఊరు సంగం. పెన్నా నీళ్లతో వరి పండించుకునే ఇల్లు వాళ్లది. ఆమెన్ అయ్యాక నోట్లో ముక్క ఒక బుగ్గలోకి నెట్టి, "ఆంటీ, ఆ ఫ్యాను మీద కూడా చెయ్యి పెట్టండి. నేనొచ్చినకాడ్నించీ తిరగడంలా" అంది.

రెబెక్కమ్మ దాన్ని ఎగతాళి అనుకోలేదు. కింద నుంచే చెయ్యెత్తి ఫ్యానుకూ చేసింది. ఫ్యాను తిరగలేదు. "దేవుని సమయం వేరులే" అని ఆమె బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసింది.

హాస్టల్ అంటే విద్యార్థినులు ప్రశాంతంగా చదువుకునే చోటు అని యూనివర్సిటీ పుస్తకంలో అచ్చేసి ఉంది. ఆ మాట రాసినాయన పొద్దున పూట బాత్రూంల దగ్గరికి ఎప్పుడూ వచ్చి ఉండడు. అక్కడ బకెట్టే మనిషి. మనిషి పడకలో ముసుగుతన్ని ఉన్నా సరే, వరసలో బకెట్ ఉంటే ఆమె హాజరైనట్టే. బకెట్ లేని మనిషి ఎమ్మెస్సీ చదువుతున్నా లేనట్టే. మొదటి రోజు ఎవాంజెలిన్ భుజాన తువ్వాలు వేసుకుని మర్యాదగా నిలబడింది. ఎర్ర బకెట్, నీలం బకెట్, చెవి విరిగిన పచ్చ బకెట్ ఆమెను దాటుకుని స్నానానికి వెళ్లిపోయాయి. ఆమె మొహం మాత్రం కడుక్కుని క్లాసుకు వెళ్లింది.

వార్డెన్ రేవతి మేడం ప్రతి గోడకూ ఒక నిషేధం తగిలించింది. గోడలకు మేకులు కొట్టరాదు అన్న బోర్డును కూడా మేకుతోనే కొట్టించింది. సముద్రపు గాలికి ఉతికిన బట్టలు ఎంతకీ ఆరేవి కావు. గదిలో తీగ కట్టరాదని ఇంకో బోర్డు. మెస్‌లో నిన్నటి ఉప్మా ఈరోజు బోండాగా పునరుత్థానం పొందేది. అన్నం సంగతి అనూషే చెప్పాలి. రైతు బిడ్డ గనక రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి, "ఇది అన్నం కాదుమే, వడ్ల మీద ఎవురో తీర్చుకున్న పగ" అనేది. అని, మళ్లీ పెట్టించుకునేది.

వారం తిరక్కుండానే ఎవాంజెలిన్ సూట్‌కేసు సర్దింది. ఇంటి దగ్గర అందుకు ఏర్పాట్లు సిద్ధంగానే ఉన్నాయి. రెబెక్కమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే మాట. "రైలుంది గదమ్మా. సీజన్ పాసు తీసుకుని అప్ అండ్ డౌన్ చెయ్యి. మనూళ్లో ఎంతమంది రోజూ చెన్నైకి పోయి రావడంలా?" చెన్నై ఒక దిక్కు, నెల్లూరు ఇంకో దిక్కు అన్న సంగతి ఆ ప్రేమకు ఏమాత్రం అడ్డం కాదు.

అనూష తలుపుకు ఆనుకుని సర్దుడంతా చూసింది. ఆపలేదు.

"పో. పోయి మీయమ్మ కొంగు పట్టుకోని పరీక్ష రాయి. కాపలా ఉండే సారుకు కూడా ఒక ముద్ద కలిపి పెట్టమను."

ఎవాంజెలిన్‌కు రోషం వచ్చింది. సర్దిన బట్టలన్నీ విసురుగా బయటికి తీసింది. మర్నాడు పొద్దున వరసలో అనూష బకెట్ వెనకాల కొత్త బకెట్ ఒకటి నిలబడి ఉంది. దాని మీద నెయిల్ పాలిష్‌తో తన పేరు, సగం తప్పులతో. అంతే, ఎవాంజెలిన్ హాస్టల్లో మనిషైపోయింది. మళ్లీ రైలు మాట వింటే ఒళ్లు మండేది. ఇంట్లో తాను ఎప్పుడు నిద్ర లేవాలో, ఏ రంగు చున్నీ వేసుకోవాలో నిర్ణయించే మనిషి ఒకరు ఉండేవారు. ఇక్కడ మెస్ సాంబారు తప్ప ఇంకేదీ ఆమెను శాసించడం లేదు. ఆ రుచి ఆమెకు పట్టుబడింది.

ఆ అంతస్తుకంతా అనూషే పెద్ద. కొత్తగా చేరి ఏడ్చే పిల్లల గదులకు వెళ్లి, "ఆ నీళ్లేవో బకెట్లో పట్టుకోండిమే, మోటారు కాలిపోయినరోజు పనికొస్తాయి" అని ఓదార్చేది. ఆ ఓదార్పుకు భయపడి చాలామంది ఏడుపు మానుకున్నారు.

అటువంటి అనూష, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుని, దుప్పటి నెత్తిమీదికి లాక్కుని ఏడ్చేది. మొదట్లో ఎవాంజెలిన్ రొంప అనుకుంది. అడిగితే "తలనొప్పి" అనేది. రోజూ అదే వేళకు వచ్చే తలనొప్పి ఏమిటా అని ఒకరోజు దుప్పటి లాగేసింది.

"ఏమైందిమే?"

"ఇంట్లో నా మంచం మీద వడ్ల మూటలు పెట్టినారంట" అంది అనూష, ముక్కు తుడుచుకుంటూ.

"అయితే?"

"అయితే ఏంది? నా మంచం మీద! ఇంక నేను రాననే గదా!" మళ్లీ ఏడ్చింది. కాసేపటికి లేచి కూర్చుని, కళ్లు ఎర్రజేసింది. "ఈ సంగతి గది దాటిందా, నేను ఇంకో గదికి పోతా. నువ్వు పోయి నీ రైలెక్కు."

అది ఉత్త బెదిరింపు కాదని ఎవాంజెలిన్‌కు తెలుసు. అనూష లేని గదిలో తాను నాలుగు రోజులు కూడా నిలవలేనన్నదీ తెలుసు.

తెలిసీ నోరు జారిందంటే తప్పు ఆమెది కాదు, కుటుంబ ప్రార్థనది.

కూతురు హాస్టల్లో ఉన్నంత మాత్రాన కుటుంబ ప్రార్థన ఆగదు గదా. రోజూ సాయంత్రం ఎవాంజెలిన్ కూర్చునే కుర్చీలో దిండు పెట్టి, దానికి ఫోన్ ఆనించి, వీడియో కాల్‌లో ఆమెను కూర్చోబెట్టేవారు. పాట అయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పాలి. ఆ ఇంట్లో మనవి లేదనడానికి వీల్లేదు. నాకేమీ అక్కర్లేదు అనడం గర్వం. గర్వానికి వేరే ప్రార్థన ఉంది, అది ఇంకా పొడుగు. క్రీస్తురాజుకు బాధ లేదు, ఏళ్ల తరబడి జిరాక్స్ మిషన్ ఒక్కటే చెప్పి నెట్టుకొస్తున్నాడు. ఎవాంజెలిన్ దగ్గర మాత్రం సరుకు అయిపోయింది. పరీక్షలు చెప్పేసింది, జలుబు చెప్పేసింది, ఫ్యాను రెండుసార్లు చెప్పేసింది.

"నీ మనవేందమ్మా?" అంది రెబెక్కమ్మ. కింద మెస్ మూసేసే వేళవుతోంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"మా అనూష కోసం చెయ్యమ్మా. సాయంత్రమైతే ఏడుస్తా ఉంది."

ప్రార్థన నేరుగా పైకి పోతుందని ఆమె అనుకుంది. శుక్రవారం స్త్రీల కూడిక మీదుగా పోతుందన్నది మర్చిపోయింది.

శనివారం రెబెక్కమ్మ ఎంతో సంబరంగా ఒక వాయిస్ మెసేజ్ పంపింది. సమాజానికి పెద్ద, పాస్టరమ్మ ఎలిశబెతు గారి గొంతు. ఎవాంజెలిన్ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నది.

"సహోదరీలందరికీ వందనాలు. యూనివర్సిటీలో అనూష అనే బిడ్డ భయంకరమైన శోధనలో ఉండాది. తిండి లేదు, నిద్ర లేదు. పడుకోని ఫ్యాను వైపే చూస్తా ఉందంట. రేపు ఆరాధన అయినాక మనమే పోయి ఆ బిడ్డ మీద చేతులేసి ప్రార్థన చేద్దాం. వ్యాను మాట్లాడినాం. పులిహోర ఎవురు తెస్తారో చెప్పండి."

తిండి లేని అనూష అప్పుడు పక్క మంచం మీద, కారప్పొడి నెయ్యి కలిపిన అన్నం రెండో విడత తింటోంది. ఇక ఆ ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందా అని ఆ గదికి వచ్చినవాళ్లంతా చూసేవాళ్లే.

ఎవాంజెలిన్ వరండాలోకి పరిగెత్తి ఫోన్ చేసింది. "అమ్మా, రాబాకండి. ఆ అమ్మాయి బాగుండాది."

"బాగుందని నువ్వనుకుంటావు. పైకి నవ్వేవాళ్లకే లోపల జాస్తిగా ఉంటది. గమ్మునుండు, మేం చూసుకుంటాం."

ఆదివారం మధ్యాహ్నం వ్యాను దిగింది. తెల్ల చీరలు, జిప్పు కవర్లలో బైబిళ్లు, పెద్ద పులిహోర డబ్బా. తల్లిదండ్రులను, దగ్గరి బంధువులను తప్ప రానివ్వరాదన్న బోర్డు కింద నిలబడి రేవతి మేడం వరసగా అందర్నీ చూసింది.

"వీళ్లంతా ఎవరండీ?"

"మేనత్తలు" అంది రెబెక్కమ్మ.

"అందరూనా?"

"పెద్ద కుటుంబమండీ" అని లోపలికి నడిచి, కూతురి చెవిలో, "క్రీస్తులో అందరం ఒక కుటుంబమే గదా" అని సర్దుకుంది.

విజిటర్స్ హాలు నిండుగా ఉంది. తల్లులు క్యారియర్లు విప్పుతున్నారు, పిల్లలు తింటున్నారు, వాళ్ల తమ్ముళ్లు కుర్చీలెక్కి దూకుతున్నారు. ఎవాంజెలిన్ ఎంత మెల్లగా మాట్లాడి వాళ్లను చెట్టు కిందికి తీసుకుపోదామని చూసినా ఎలిశబెతు గారు కదలలేదు. ఇంతలో పులిహోర వాసన మెట్లెక్కి పైకి పోయినట్టుంది, అనూషే దిగి వచ్చింది, చేత్తో ప్లేటు కూడా పట్టుకుని.

"ఆంటీ, వందనాలు!"

"నీ పేరేందమ్మా?" అంది ఎలిశబెతు గారు.

"అనూష."

హాల్లో తెల్ల చీరలన్నీ ఒక్కసారిగా "అయ్యో తల్లీ" అన్నాయి. ఒకావిడ అప్పుడే కళ్లు మూసేసుకుంది. ఎలిశబెతు గారి చెయ్యి పైకి లేచింది. అనూషకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఎవాంజెలిన్ మొహం చూసింది, అర్థమైంది. ప్లేటు వెనక్కి దాచుకుంది. చుట్టూ ఆమె ఓదార్పుకు భయపడి ఏడుపు మానుకున్న పిల్లలంతా ముద్ద నోటి దగ్గర ఆపి చూస్తున్నారు.

"ఏడ్చేది ఆ అమ్మాయి కాదు" అంది ఎవాంజెలిన్. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "నేను. నాకు సిగ్గేసి అనూష పేరు చెప్పినా."

ఎలిశబెతు గారి చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. ఇంత దూరం వచ్చిన చెయ్యి ఊరికే దిగదు. కాస్త పక్కకు జరిగి ఎవాంజెలిన్ నెత్తిమీద వాలింది. మిగతా చేతులూ వచ్చి పడ్డాయి. మైకు అలవాటైన గొంతు అది. సాయంత్రాలు కార్చిన కన్నీళ్లు, తినని తిండి, చూసిన ఫ్యాను, ఏదీ వదలకుండా, హాలు చివర కూర్చున్న ముసలాయనకు కూడా వినపడేలా దేవునికి విన్నవించింది. ఆ బరువు కింద మెడ వంచుకుని ఎవాంజెలిన్ ఆమెన్ కోసం ఎదురుచూసింది. ఆమెన్ దగ్గరికి వచ్చినట్టే వచ్చి మళ్లీ దూరం పోయేది.

చివరికి చేతులు లేచాయి. రెబెక్కమ్మ కళ్లు తుడుచుకుని, "పెట్టె సర్దు. వ్యాన్లో చోటుండాది" అంది.

"రానమ్మా."

"ఇప్పుడే గదా ఏడుస్తుండానంటివి!"

"ఏడుస్తుండా."

"మరి?"

"ఇక్కడే ఏడుస్తా."

రెబెక్కమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "దోమ కుట్టినా నాకే చెప్పినావు గదే. ఇప్పుడు ఏడవడానికి కూడా నేను అక్కర్లేదా?"

అంతవరకూ ఎవాంజెలిన్ చెప్పింది అబద్ధం. ఇప్పుడు మాత్రం కళ్లు నిజంగానే నిండాయి. అందరి ముందూ, ఆ హాల్లోనే.

"అక్కర్లేక కాదమ్మా" అంది. "నాకిక్కడ ఉండాలనుంది. ఏడుపొస్తే ఏడుస్తా. మొహం కడుక్కోని క్లాసుకు పోతా. నువ్వు ఎంత పిలిచినా నేను రాను."

రెబెక్కమ్మ కొంగు చివరతో, పసిపిల్లకు చేసినట్టు, కూతురి ముక్కు గట్టిగా పిండి తుడిచింది. పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. "డబ్బా మాత్రం పోగొట్టబాక" అంది. మొహం అటు తిప్పుకునే అంది.

"చూసినావా రెబెక్కా, బిడ్డ ఎంత గట్టిపడిందో! ప్రార్థన పని చేసింది" అంది ఎలిశబెతు గారు, వ్యాను వైపు నడుస్తూ.

ఎవాంజెలిన్ గదికి వచ్చేసరికి అనూష తన సామాను మంచం మీద కుప్ప పోసుకుని కూర్చుంది.

"మీయమ్మకు చెప్పింది నువ్వే గదా?"

"నేనే."

"ఎందుకు?"

"మనవి ఏదో ఒకటి చెప్పాల. నాకేమీ తట్టలా."

"మెస్ అన్నం కోసం చెప్పొచ్చు గదమే! అదైనా బాగుపడేది" అని అనూష దిండు విసిరింది. తర్వాత పులిహోర డబ్బా మూత తీసింది. అందులోంచి తింటూ సామాను వైపు చూసింది. "పోదామనే సర్దినా. ఇప్పుడెట్ట పోయేది? ఏడ్చే పిల్లను వదిలేసి పోయిందని రేపట్నించీ అంతస్తంతా నన్నే అంటారు. నువ్వు మంచి ఇరకాటంలో పెట్టినావు నన్ను."

"పోనీ, ఉప్పు తగ్గిందేమో చెప్పు."

"తగ్గింది" అంది అనూష. సామాను మళ్లీ బీరువాలోకి తోసింది.

సాయంత్రం సంగం నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేశాక అనూష గోడవైపు తిరిగి దుప్పటి లాక్కుంది. ఈసారి రొంపలా దాచుకోలేదు, హాయిగా, గొంతెత్తి ఏడ్చింది. ఎవాంజెలిన్ తన మంచం మీద రేపటి రికార్డు రాసుకుంటోంది. వరండాలో చెప్పుల చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"ఎవాంజెలిన్! ఏడవబాకమే. మేమంతా ఉండాం గదా" అంది పక్క గది అమ్మాయి.

ఎవాంజెలిన్ కలం ఆపి, గొంతు కాస్త తడి చేసుకుని, "సరేలే, తగ్గిపోతుంది" అంది.

దుప్పటి కిందనుంచి అనూష వెక్కుతూనే గుసగుసగా అంది. "ముక్కు కూడా చీదుమే. లేకపోతే నమ్మరు."

ఎవాంజెలిన్ చీదింది.