మంగాదేవి కార్తిక సోమవారం

అరసవల్లిని వెలిగెడు నాదిదేవ!
లోకనేత్రుఁడ! వెలుపల లోననుండి
రక్తమందలి రుజలను రాల్చివేసి
మమ్ముఁ గాచుము కరుణతో మహితతేజ!

నందిగాం హైస్కూలులో తెలుగు పండితుడు శేషగిరికి, ఆయన భార్య మంగాదేవికి పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం కార్తికంలో ఒకేసారి కామెర్లు సోకాయి.

శేషగిరి కన్నులు పసుపుకొమ్ముల వలె అయ్యాయి. చెమట అంటిన పంచె కూడా పచ్చబడింది. మంగాదేవి కన్నులలో వెదికితే గాని ఆ రంగు కనిపించదు. అందుచేత ఇల్లంతా శేషగిరి మంచం చుట్టూనే తిరిగింది. తల్లి సూర్యకాంతమ్మ కొడుకుకు చెరకురసం, కొబ్బరినీళ్లు విడవకుండా పట్టేది. నోరు సహించక కోడలు అన్నం ముట్టడం లేదని ఆమె ఎరుగును. పథ్యానికి అదీ మంచిదే అనుకుంది.

సోమవారం వేకువను మంగాదేవి తలస్నానం చేసి, భర్త ఆరోగ్యానికై సంకల్పం చెప్పుకుంది. నక్షత్రదర్శనం వరకూ ఉపవాసం, మౌనం.

మధ్యాహ్నం పూండి వైపు నుంచి దాలమ్మ కొబ్బరిబొండాల గంపతో వచ్చింది. సముద్రపు ఒడ్డు మనిషి. ఆమె గొంతు వీధి చివరికి వినిపిస్తుంది.

"ఏటమ్మగోరూ, కోడలమ్మ పలకదేటి?"

"మౌనం పట్టిందే. చుక్క చూసేదాకా మాటా లేదు, మంచినీళ్లూ లేవు" అంది సూర్యకాంతమ్మ.

"ఆ యమ్మ ఎప్పుడు మాటాడింది గనక! ఆ మొక్కేదో మీరు మొక్కీసుంటే ఈ ఇల్లు సల్లబడీది. అయ్యగోరి రోగం ఈ పాటికి తగ్గిపోను!"

"నీ నోరు పడ! గంప దించు ముందు" అంటూ సూర్యకాంతమ్మ నవ్వింది. మంచం మీద శేషగిరి కూడా నవ్వాడు. స్తంభానికి చేరగిలబడిన మంగాదేవి నవ్వలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె తులసికోట దగ్గర ప్రమిదలో నూనెకు బదులు నీళ్లు పోసింది. వత్తి అంటుకోలేదు. మళ్లీ నీళ్లే పోసింది. సూర్యకాంతమ్మ చూసి, "నీరసమమ్మా, పోనీ" అని తానే నూనె పోసి వెలిగించింది. మంగాదేవి అక్కడే కూర్చుని కన్నులు మూసుకుంది. ధ్యానమనుకున్నారు.

చుక్క పొడిచింది.

"మంగా, వ్రతం ముగిసింది. ఇక మాట్లాడవచ్చు" అన్నాడు శేషగిరి.

ఆమె కన్నులు తెరిచి, గోడను చూసినట్లు అతణ్ణి చూసింది.

"మంగా, నేనెవరిని?"

ఆమె మళ్లీ కన్నులు మూసుకుంది.

"ఇంకా మౌనం విడవలేదేమిట్రా?" అంది తల్లి.

"మౌనం కాదమ్మా" అన్నాడు శేషగిరి.

జట్కాలో టెక్కలి తీసుకువెళ్లారు. డాక్టరు వైకుంఠరావు రక్తం తీసి పరీక్షించాడు. నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. తలుపు పట్టుకుని నిలబడ్డ శేషగిరితో అన్నాడు.

"రక్తంలో చక్కెర అడుగంటింది మాష్టారూ. చక్కెరను దాచి, కావలసినప్పుడు రక్తంలోకి వదిలేది కాలేయం. ఈమె కాలేయం బాగా చెడింది. దానిమీద ఉపవాసం."

"జబ్బు ముదిరింది నాకు కదండీ! నా కళ్లు చూడండి."

"ఇద్దరికీ పట్టిన వైరస్ ఒకటే. ఒకరిని పచ్చగా చేసి వదిలేస్తుంది. ఒకరిని లోపల తినేస్తుంది. రంగు చూసి చెప్పలేం."

గ్లూకోజు ఎక్కాక మంగాదేవి కన్నులు తెరిచింది.

"చుక్క వచ్చిందా?"

"వచ్చింది."

"నేను చూడలేదు" అంది.

మళ్లీ నిద్రలోకి జారింది. చక్కెరను నిలపగలిగారు గాని కాలేయాన్ని నిలపలేకపోయారు. బుధవారం ప్రాణం పోయింది.

కర్మలన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి. శేషగిరి మంత్రాలు తప్పు లేకుండా చెప్పాడు. కొన్నాళ్లకు అతని కన్నులు తెల్లబడ్డాయి. ఒక మధ్యాహ్నం అతనికి ఆకలి వేసింది. ఆ మాట తల్లితో చెప్పాడు. ఆమె ఆకు వేసి వడ్డించింది. చారన్నం తిన్నాడు. మజ్జిగలోకి మరికొంచెం అన్నం అడిగాడు. ఆమె తెచ్చి వేసింది. ఇద్దరూ ఏడవలేదు.

ఈ కథను విన్నవారికీ వినిపించినవారికీ భాస్కరుడు నిండు నూరేళ్ల ఆరోగ్యం ప్రసాదించుగాక. వారి ఇండ్లలో వ్యాధిగ్రస్తులెవ్వరూ ఆకలితో కన్ను మూయకుందురు గాక.