ఈకలు రాని బ్యాచి

కోడిపిల్లలు వేసిన పద్దెనిమిదో రోజు పొద్దున సుమిత్ర ఫోన్ చేసి, "అన్నా, ఒకసారి షెడ్డుకొచ్చి పో" అంది. ఏమైందని అడిగితే, "వచ్చి సూడు, చెప్తే సమజ్ కాదు" అని పెట్టేసింది. ఏమైందో ఆమె చెప్పకపోయినా శ్రీశైలానికి తెలుసు. పన్నెండు రోజులుగా ఈ ఫోను ఎప్పుడొస్తుందా అని భయపడుతూనే ఉన్నాడు.

చిట్కుల్ నుంచి కంది దాకా బండి మీద పోతూ ఎన్ని సాకులు దొరికితే అన్నీ పోగుచేసుకున్నాడు. చలి పడింది. ఊక తడిసి ఉంటుంది. హ్యాచరీ వాడు నాసిరకం పిల్లలు అంటగట్టి ఉంటాడు. పెద్ద కాలేజీ ప్రహరీ గోడ అయిపోయిన చోట బండి దిగేసరికి ఆ సాకుల్లో ఒక్కటీ నిలబడేట్టు లేదు.

గోడ పక్కన ఉన్న అరెకరం వాళ్ల నాయన మిగిల్చిపోయింది. అందులో రేకుల షెడ్డు సుమిత్రదే అయినా వేయించింది శ్రీశైలం. చెల్లెలు ఏడేళ్లు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమింది. సబ్బునీళ్లకు అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచిపోతుంటే చూడలేక, "కోళ్లు వెయ్యి చెల్లె. దాణా నా చేతిది. నీకేం ఫికరు" అన్నాడు. ఆమె మొగుడు రాంచందర్‌కు నచ్చలేదు. ఒక్క బ్యాచి చూస్తాను, అది దెబ్బతింటే రేకులు విప్పి అమ్మేసుడే, నువ్వు మళ్లీ క్యాంటీన్‌కు పోవుడే అన్నాడు. ఆ ఒక్క బ్యాచే ఇది. రెండు వేల పిల్లలు.

షెడ్డు గుమ్మంలో దశరథ్ కూర్చుని ఉన్నాడు. పక్క పొలం ఆయన, ఇరవై ఏళ్లుగా కోళ్లు పెంచుతున్నాడు. లుంగీ కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"రా శ్రీశైలం, నీ చెల్లె సంసారం సూడు" అన్నాడు. "పిల్లలకు అన్నం పెట్టిందో, ఒక్కపొద్దులు నేర్పిందో."

"ఊకో దశరథన్నా" అంది సుమిత్ర లోపల్నుంచి.

"నేనేమంటి? బల్బులు ఎక్కువ పెట్టినవు, వేడికి మేత ముట్టలేదు అంటున్న. ఆడివిల్ల జాగ్రత్త ఎక్కువై కూడా సస్తయి కోళ్లు."

శ్రీశైలం తల వంచి లోపలికి వెళ్లాడు.

పద్దెనిమిది రోజుల పిల్ల ఏడు వందల గ్రాములకు దగ్గర పడాలి. వీటిలో పెద్దది కూడా నాలుగు వందలు తూగదు. రెక్కల మీద ఈకలు రావలసిన చోట పుల్లల్లాంటి మొనలు పొడుచుకొచ్చి ఆగిపోయాయి. వీపులు ఎర్రగా, బోసిగా ఉన్నాయి. కింద ఊకలో ఒక్క ఈక కూడా రాలి లేదు. రాలితే రాలినట్టే ఏరుకుని మింగుతున్నాయి. అది కూడా చాలక పక్కదాని ఒంటి మీదివి పీకుతున్నాయి. తోక దగ్గర నెత్తురు కనబడిన పిల్ల ఒకటి గోడ వారగా పరిగెడుతుంటే ఏడెనిమిది దాన్ని తరుముతున్నాయి.

సుమిత్ర దాన్ని ఒడిసి పట్టుకుని బుట్టలో మూతపెట్టింది. "నిన్న ముప్పై ఆరు సచ్చినయి. ఇయ్యాల లెక్క వెట్టలే. ఒకదాన్ని ఒకటి తింటున్నయన్నా. నేనే ఏదో తప్పు చేసిన. నీళ్ల డబ్బాలు దినాం కడుగుతున్న. రాత్రి రెండుసార్లు లేస్తున్న. దశరథన్న బల్బులంటడు, మా ఆయనేమో నా చెయ్యే మంచిది కాదంటడు."

"నీ చెయ్యి కాదు" అన్నాడు శ్రీశైలం. వంగి మేత డబ్బాలోంచి గుప్పెడు దాణా తీసి చూశాడు.

మక్కలు, సోయాపిండి ఎంత పోసినా, పిల్లకు ఈక రావడానికీ కండ పట్టడానికీ కావలసిన ఒక సరుకు వాటిలో చాలదు. పిల్ల దాన్ని తన ఒంట్లో తయారు చేసుకోలేదు. బయటి నుంచి కలపాలి. మెథియోనిన్ అంటారు. టన్ను దాణాకు రెండున్నర కిలోలు పడుతుంది, అంతే. శ్రీశైలం పనిచేసే దాణా మిల్లులో దానికి తోడుగా లైసిన్ కూడా కలుపుతారు గాని, అది గోధుమరంగు పలుకుగా ఉంటుంది, కంటికే తెలిసిపోతుంది. మెథియోనిన్ తెల్లటి పొడి. తెల్లటి పొడులు లోకంలో వంద ఉన్నాయి. బస్తా మీద ఏం రాసి ఉన్నా లోపల ఉన్నది అదో కాదో ముక్కు పెడితేనే తెలుస్తుంది. కుళ్లిన క్యాబేజీ, మురిగిన గుడ్డు కలిసినట్టు గుప్పున కొడుతుంది.

ఇస్నాపూర్ దగ్గరి ఆ చిన్న మిల్లులో శ్రీశైలాన్ని పెట్టుకున్నదే ఆ ముక్కు కోసం. అంతకు ముందు పందొమ్మిదేళ్లు ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ముల దగ్గర పని చేశాడు. మూత తీయకుండానే ఏ డ్రమ్ములో ఏముందో చెప్పేవాడు. మిల్లు ఓనరు మధుబాబు వచ్చిన వాళ్లందరికీ చూపించి, "వేరే వాళ్లకు ల్యాబులుంటయి, మాకు శ్రీశైలం ముక్కుంది" అనేవాడు.

ఆ డ్రమ్ములే ముక్కును తినేశాయి. ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. నాలుగేళ్ల కిందట ఒకరోజు పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా అన్నం మాడి నల్లబడింది. పెళ్లాం పరిగెత్తుకొచ్చి, "ముక్కుల దూది వెట్టుకున్నవా" అని అరిచింది. అప్పుడు తెలిసింది. సబ్బు, అగరుబత్తి, కిరసనాయిలు, అన్నీ ఒక్కటే. గాలి లోపలికి పోతుంది, వస్తుంది, అంతే.

ఎవరికీ చెప్పలేదు. యాభై ఏళ్లు దాటిన మనిషి, ముక్కు లేదంటే మిల్లులో ఏం చేస్తాడు? ఒక ఉపాయం పట్టాడు. బస్తా కోసేది బీహారు హమాలీ. కోయగానే వాడు మొహం పక్కకు తిప్పుకుని దగ్గితే సరుకు మంచిది. శ్రీశైలం వాడి మొహం చూసి, ఆ తర్వాత వంగి, గట్టిగా పీల్చి, తల ఊపేవాడు. నాలుగేళ్లు అట్లాగే నడిచింది.

సుమిత్ర కోళ్లకు దాణా కలిపిన రోజు హమాలీ లేడు. ఛఠ్ పండుగకు ఊరికి పోయాడు. గోడ దగ్గర సగం వాడిన పాత బస్తా ఉంది. హమాలీ దగ్గిన బస్తా అది. కాని చెల్లెలి మొదటి బ్యాచికి ఎవరో వాడగా మిగిలింది పోయడానికి శ్రీశైలానికి మనసొప్పలేదు. కొత్త బస్తా తానే కోశాడు. పొడి తళతళ మెరిసింది. వేళ్ల మధ్య నలిపాడు, ఎండలో పట్టి చూశాడు, బాగుందనుకున్నాడు. మూడు టన్నులు కలిపి తానే ఆటోలో వేసుకుని వచ్చాడు.

బ్యాచి వేసిన ఆరో రోజున హమాలీ తిరిగొచ్చాడు. మిగిలిన పొడిలో చెయ్యి పెట్టి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, "భయ్యా, ఇస్ మే తో బాస్ హీ నహీ హై" అన్నాడు. వాసనే లేదట. శ్రీశైలం అప్పటికప్పుడు గొంతు పెంచి, "నేను పొద్దున్నే పట్టిన, వాపస్ పంపియ్యాలె" అన్నాడు. మధుబాబు ఆయన భుజం తట్టాడు. ఆ సాయంత్రం చెల్లెలి నంబరు తీశాడు. ఏమని చెప్పాలి? మెథియోనిన్ లేదని చెబితే, మరి కలిపేటప్పుడు నీ ముక్కు ఏమైందని అడుగుతుంది. మక్కల్లో కొంత, సోయాలో కొంత ఉంటుంది కదా, ఎట్లాగో గట్టెక్కుతాయిలే అనుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. తెల్లారి మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అటు మూలకు చచ్చినయి వేసిన డ్రమ్ముంది, కోసి సూడు, కడుపుల రోగముందేమో" అన్నాడు దశరథ్ గుమ్మంలోంచి. "నేను దగ్గరికి పోలేను నాయనా, కడుపుల దేవుతున్నది" అని లేచి తన పొలం వైపు నడిచాడు.

శ్రీశైలం డ్రమ్ము మూత తీశాడు. రెండు రోజులవి. మెత్తబడి నీరు కారుతున్నాయి. ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉండాలి కాబట్టి లోపలికి వంగి, ఒకదాన్ని తీసి, కాలు లాగి చూశాడు, నోరు తెరిచి చూశాడు. ఇంకొకటి తీశాడు.

కాసేపటికి వెనక అలికిడి లేదని తల తిప్పాడు. సుమిత్ర నాలుగడుగుల దూరంలో, కొంగు మొహానికి అదిమి పెట్టుకుని నిలబడి ఉంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె చూస్తున్నది పిల్లలను కాదు, ఆయన మొహాన్ని.

"అన్నా" అంది. "నీకు వాసనొస్తలేదా?"

"వస్తున్నది. అలవాటు."

"నాకు వాంతొచ్చేటట్టున్నది. నువ్వు జామకాయ పట్టుకున్నట్టు పట్టుకున్నవు."

ఆయన చేతిలోది డ్రమ్ములో వేసి మూత పెట్టాడు. వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు.

"దాణా తెచ్చిననాడు నాకు చెప్పినవు" అంది సుమిత్ర మెల్లగా. "దీంట్ల ఒక మందుంటది, మస్తు కంపు కొడతది, అది కొట్టిందంటే పిల్లలు గుండ్రాయిలెక్క పెరుగుతయి అని. నేను బస్తాల తలకాయ పెట్టి సూసిన. మక్కపిండి వాసన తప్ప ఏం లేదు. నాకు తెల్వదేమో, అన్నకు తెల్వదా అనుకున్న."

శ్రీశైలం డ్రమ్ము మూతను ఇంకోసారి గట్టిగా నొక్కాడు.

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగు."

"గీ దాణాల అది లేదని ఎప్పుడెరుకైంది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే, ఈ పిల్లలను చూశాకే అని చెప్పొచ్చు. కాని నాలుగేళ్లలో మొదటిసారి ఒక మనిషి సూటిగా అడుగుతోంది.

"ఆరో దినం."

సుమిత్ర వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పెదవులు కదిలాయి. "ఆరో దినం చెప్తే బతికేటియి" అంది.

"బతికేటియి."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. బుట్ట మూత తీసి నెత్తురు పిల్లను చూసింది. అది అప్పటికే కదలడం లేదు. తీసి డ్రమ్ము పక్కన పెట్టింది.

బయట బండి ఆగిన చప్పుడైంది. రాంచందర్ షిఫ్టు దిగి వచ్చాడు.

"బావకు చెప్తా" అన్నాడు శ్రీశైలం. "తప్పు నాదని చెప్తా."

"చెప్పకు."

"సుమిత్రా."

"నీ మీద ప్రేమతోని కాదు. ఇన్నేండ్లు ఆయన ఏమన్నా, మా అన్న ఉన్నడు అనుకుంట బతికిన. గా మాటొక్కటే ఉన్నది నాకు. అది కూడా ఆయన చేతిల పెట్టకు. నాకు చాతకాలేదనే అనుకోనియ్యి. క్యాంటీన్‌కు పోతా. గిన్నెలు కొత్త కాదు."

రాంచందర్ గుమ్మంలోకి వస్తూనే చేతిరుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. షెడ్డంతా ఒకసారి కలియజూశాడు.

"చెప్పిన గదా, నీతోని కాదని" అన్నాడు పెళ్లాంతో. గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది.

"అవు" అంది సుమిత్ర. "నాతోని కాలే."

రాంచందర్ శ్రీశైలం వైపు తిరిగాడు. "నువ్వేం జేస్తవు బావా. నీ దాణా మంచిదుంది గనుక గీ మాత్రమన్న మిగిలినయి. లేకుంటే అన్నీ పోయేటియి." పైన రేకులను, వాటి బోల్టులను చూస్తూ, "ఐతారం నువ్వు కూడ రా, ఇద్దరం కలిసి విప్పుదాం" అన్నాడు.

శ్రీశైలం నోరు తెరిచాడు. సుమిత్ర కొంగు మొహం మీదే ఉంది. దాని పైనుంచి ఆమె కళ్లు ఆయన్నే చూస్తున్నాయి.

"ఏంది బావా, గంత కంపుల గట్లనే నిలబడ్డవు?" అన్నాడు రాంచందర్.

శ్రీశైలం భుజం మీది తువ్వాల తీశాడు. మడత పెట్టాడు. అందరిలాగే ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.