ముప్పై అడుగుల లోతున ఒక పేషెంటు

సముద్రంలో దిగాలని నాకు ఏనాడూ సరదా లేదు. పళ్ల డాక్టర్ని. నాకు తెలిసిన నీళ్లల్లా పేషెంటు పుక్కిలించి ఉమ్మే గ్లాసెడు నీళ్లే. అలాంటిదాన్ని యాభై ఆరేళ్ల వయసులో ఒంటికి అతుక్కుపోయే రబ్బరు సూట్లోకి కూరి, వీపున గాలి సిలిండర్ కట్టి, పడవ అంచున కూర్చోబెట్టింది మా అమ్మాయి.

కాదనే మొహం నాకు లేదు. డెంటల్ కాలేజీ రెండో ఏడాదిలో చదువు మానేసి డైవింగ్ నేర్పుతానన్నప్పుడు నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. రెండేళ్లుగా మా ఇద్దరి మధ్యా ముక్తసరి మాటలే. ఆ రోజు పొద్దున్నే అదే ఫోన్ చేసింది. ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్ పరీక్షట. ఎన్నడూ డైవింగ్ చేయని మనిషిని ముప్పై అడుగుల లోతుకి తీసుకెళ్లి క్షేమంగా పైకి తేవాలి. వస్తానన్నవాడు జలుబు చేసిందని ఆఖరి నిమిషంలో హ్యాండిచ్చాడు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికిగానీ పరీక్ష లేదు. డైవింగ్ సెంటర్లో ఇస్తామన్న ఉద్యోగం అన్నాళ్లు ఆగదు.

"వేరే ఎవరూ దొరకలేదా?" అన్నాను.

"దొరికితే నీకెందుకు చేస్తానమ్మా?"

నిజమే అనిపించింది. క్లినిక్ తలుపుకి సెలవు బోర్డు తగిలించి బయల్దేరాను.

ఒడ్డు దగ్గర నడుం లోతు నీళ్లలో గంటసేపు నేర్పింది. పడవలో మళ్లీ అప్పజెప్పించుకుంది. దేన్నీ ముట్టుకోకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. ఏం జరిగినా నోట్లో గాలి గొట్టం వదలకూడదు. "ఇంకొకటి. పైకి వచ్చేదాకా నువ్వు డాక్టర్‌వి కాదు, మా అమ్మవీ కాదు. నేను చెప్పింది చేసే స్టూడెంట్‌వి. సరేనా?"

సరే అన్నాను. ఎదురుగా ఎగ్జామినర్ కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, పొదుపు మాటలు. నోరు విప్పినప్పుడు కింది వరసలో రెండు పళ్లకి గార కనబడింది. డాక్టర్ని కాదు కదా అని చూపు తిప్పుకున్నాను.

దిగాం. అమ్మాయి నా పక్కనే, ఎగ్జామినర్ కొంచెం వెనక. మొదట నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి పసుపు చేపలు గుంపుగా వచ్చాయి. ఒక తాబేలు మమ్మల్ని పట్టించుకోకుండా పక్కనుంచి పోయింది. ఇదేదో బాగానే ఉందనుకుంటుండగా, రాతి కంతలోంచి ఒక తల బయటికొచ్చింది.

నా తొడంత లావున్న ఈల్ చేప. ఒళ్లంతా మచ్చలు, చూడ్డానికి పాము. నన్ను చూసి నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. అది ఊపిరి తీసుకునే పద్ధతే అంత అని తర్వాత తెలిసింది. నాకు తెలిసినంతవరకూ అలా నోరు తెరిచి చూపించేది పేషెంట్లే. పైగా లోపల వేలెడంత ఎర్ర రొయ్య ఒకటి పళ్ల సందుల్లో ఇరుక్కున్నవన్నీ ఏరుతోంది. గ్లవ్స్ లేవు, మాస్కు లేదు, పని మాత్రం శుభ్రం. వెనక దవడ వదిలేస్తోందేమోనని నాకు అనుమానం వచ్చింది. మణికట్టుకి కట్టిన టార్చి వేసి ముందుకి వంగాను.

పేషెంటుని నోరు తెరవమన్నప్పుడల్లా నేనూ తెరుస్తాను. పిల్లలకి అన్నం తినిపించే తల్లులకుండే జబ్బే ఇది, నాకు ముప్పై ఏళ్లుగా ఉంది.

"ఆ... ఇంకొంచెం పెద్దగా," అన్నాను.

గొట్టం జారిపోయింది. నోట్లోకి ఉప్పునీళ్లు కొట్టాయి. ఈల్ చేప లోపలికి పారిపోయింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి. పైకి పోవాలి, ఆ ఒక్కటే తెలుసు. కాళ్లు తపతపా కొట్టాను.

ఒక చెయ్యి నా గడ్డం పట్టుకుంది. నొప్పి లేకుండా, కదలడానికి వీల్లేకుండా. రెండో చెయ్యి తన దగ్గరున్న అదనపు గొట్టాన్ని నా నోట్లో పెట్టింది. ఎదురుగా మా అమ్మాయి కళ్లు. వాటిలో తొణుకూ లేదు, బెణుకూ లేదు. ఊపిరి వదులు అని చేత్తో చూపించింది, వదిలాను. పీల్చు అంది, పీల్చాను. దాన్ని కన్నాక మొదటిసారి అది చెప్పినట్టల్లా విన్నాను.

పడవెక్కాక ఎగ్జామినర్ కాగితం తీశాడు. "ఈవిడ గొట్టం ఎందుకు వదిలారు? ముందే చెప్పలేదా?" అని అమ్మాయిని అడిగాడు.

అమ్మాయి తల దించుకుంది. "నాదే తప్పు సార్. ఇంకోసారి చెప్పాల్సింది."

నా వల్ల కాలేదు. "తనదేం తప్పు లేదండీ. లెక్కలేనన్నిసార్లు చెప్పింది. నేనే నోరు పెద్దగా తెరవమన్నాను."

"ఎవర్ని?"

"ఆ చేపని."

"దేనికి?"

"వెనక దవడ కనబళ్లేదు."

పడవ నడిపేవాడు దగ్గినట్టు నటించాడు. ఎగ్జామినర్ మాత్రం నవ్వలేదు. "కొత్తవాళ్లు ఎవరైనా అప్పుడు పైకి దూసుకుపోతారు. మీరెందుకు పోలేదు?"

"గడ్డం పట్టుకుంది కదండీ. మనిషిని అలా పట్టుకోవడం నేర్చుకోడానికి నాకు పదేళ్లు పట్టింది."

ఆయన చాలాసేపు రాశాడు. "పాస్," అన్నాడు చివరికి. "కావాలని వెతికినా ఇంతకంటే కష్టమైన స్టూడెంట్ దొరకరు."

అమ్మాయి పడవ వెనక్కి పోయి కూర్చుంది. పక్కన చేరాను. సూటు జిప్పు లాగబోతుంటే దాని వేళ్లు నిలవడం లేదు.

"కింద వణకలేదమ్మా. ఇప్పుడు చూడు ఎలా వణుకుతున్నాయో. నీకు ఇలా ఎప్పుడూ అవదు కదా?"

ఆ రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. "నా మొదటి పేషెంటు దగ్గర నా చెయ్యి ఎంత వణికిందంటే, పుచ్చిన పన్ను వదిలేసి పక్కదాన్ని పీకాను. రెండూ పుచ్చాయని చెప్పి రెండోదీ పీకేశాను. ఈ సంగతి మీ నాన్నకి కూడా తెలీదు."

అది నోరు తెరుచుకుని నన్నే చూసింది. "నాన్నకెందుకు చెప్పలేదు?"

"ఆ పళ్లు ఆయనవే."

పడవ అదిరేలా నవ్వింది మా అమ్మాయి. రెండేళ్లుగా వినని ఆ నవ్వు వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు.