ఆరెటి పేరున్న సీసా

దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడునాలో పెట్రోలు నింపుకుని, తెల్లారగానే నల్లార్‌బోర్ ఎడారి రోడ్డెక్కాలనుకున్నాను. పెర్త్ దాకా రెండువేల కిలోమీటర్లు. అరవై ఆరేళ్ల ఆడది ఒంటరిగా బండి తోలుకుపోతోందని నవ్వేవాళ్లని నవ్వనీ. నా మతి పోగొట్టింది దారి కాదు, తేనె సీసా.

తేనె నా మొగుడు స్టెలియోస్ పెంచిన ఈగలది. పెర్త్‌లో ఉండే మా అమ్మాయి ఆరెటికీ ఆయనకీ మూడేళ్లుగా మాటల్లేవు. అయినా ఏటా మొదటి సీసా మూత మీద దాని పేరు రాసి పక్కన పెట్టేవాడు. పంపేవాడు మాత్రం కాదు, మొండిఘటం. మార్చిలో పోయాడు. అంత్యక్రియలకి ఆరెటి రాలేదు. ఆ చివరి సీసా దాని చేతిలో పెట్టాలని బయల్దేరాను. సంగతి దానికి చెప్పలేదు.

ఆ రాత్రికి నేను బస చేసిన క్యారవాన్ పార్కు, అంటే బళ్లు ఆపుకుని పడుకునే చోటు, లొరేన్‌ది. నా బండి ముందు సీట్లో సీసా చూసి ఆమె ఆగిపోయింది.

"అది ఇక్కడే తినేసెయ్ తల్లీ. రాష్ట్రం సరిహద్దులో తీసి పారేస్తారు. అవతలి తేనెటీగలకి జబ్బులు అంటుతాయంట."

"మా ఆయన ఈగలకి జబ్బా? నాకన్నా వాటికే ఎక్కువ సేవ చేశాడు."

పక్క బల్ల దగ్గర వేయించిన చేప తింటున్న లారీ డ్రైవరు కెవ్ తల తిప్పాడు. "సీటు కింద తోసెయ్యక్కా. ఎవడు చూస్తాడు?"

"వాళ్లకదే పని," అంది లొరేన్. "కేకు చేసి పట్టుకెళ్లు, కేకుని ఏమనరు."

"ఏమనరని నీకెవరు చెప్పారు?"

ఇద్దరూ నన్నొదిలేసి పోట్లాటకి దిగారు. నాకేమీ పాలుపోలేదు. దాచనా? అబద్ధమాడితే నా ముఖమే పట్టిచ్చేస్తుంది. కేకు చేస్తే అది సీసా ఎలా అవుతుంది? వెనక్కి పోనా? పోయి ఎవరికివ్వను? చివరికి విసుగెత్తి ఆరెటికే ఫోన్ చేసి, అంతా చెప్పేశాను.

"నా పేరు ఆయనే రాశాడా?"

"కాదు, పక్కింటాయన రాశాడు."

"అమ్మా."

"ఆయనే. నీ బడి సంచీ మీద రాసినట్టే, ఇంతింత అక్షరాలతో."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "నువ్వు సరిహద్దు దాటకు. ఇటు రాకముందే ఊరొకటుంది కదా, అక్కడ ఆగు. నేనొస్తున్నా."

"ఎక్కడికే? పదిహేను గంటల దారి. చెంచాడు తేనెకా? మతిగాని పోయిందా నీకు?"

"మార్చిలోనే రావాల్సిందమ్మా," అని పెట్టేసింది.

ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. తండ్రి పోతే కదలనిది, సీసా కోసం ఎడారి దాటి వస్తుందట. తిట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియలేదు. లేచి వెళ్లి లొరేన్‌ని రెండు చెంచాలు అడిగాను.

"ఇక్కడే తినేస్తున్నావా?" అంది.

"లేదు, మా అమ్మాయి వస్తోంది," అన్నాను. అంత్యక్రియల నాడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. నిన్నటిదాకా ముఖమైనా ఎరగని లొరేన్ భుజమ్మీద తల పెట్టుకుని బావురుమన్నాను.