మూత దగ్గర మనిషి

తన చేత్తో చేసింది పదిమందికి పనికొస్తున్నప్పుడు, అందులోంచి కాస్త తనకూ దక్కాలనుకోవడం ఆశా, అత్యాశా? పొద్దున్నే దేవుడి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడల్లా పంపుల మేస్త్రికి ఈ సందేహం ఈగలా వచ్చి వాలేది. తోలితే పోయేది, మళ్లీ వచ్చేది. దేవుణ్ణి సూటిగా అడగడానికేమో మొహమాటం. ఏళ్ల తరబడి అలాగే గడిచిపోయింది.

ఆ ఊళ్లో చుక్కలు చూసేవాళ్ల సంఘం ఒకటుంది. అందరూ డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు. అధ్యక్షుడు ఒక లాయరు. ఓసారి సంఘం గదిలో కుళాయి కారుతుంటే మేస్త్రిని పిలిపించారు. ఆయన కుళాయి బాగుచేసి ఊరుకోక, కన్ను ఆనించే ఐపీసు వదులై ఊగులాడుతున్న టెలిస్కోపు చూసి ఉండబట్టలేకపోయాడు. సింకు కింద బిగించే ప్లాస్టిక్ గొట్టంలోంచి ఓ ముక్క కోసి తొడిగాడు. దానికోసమే పుట్టినట్టు సరిపోయింది.

అప్పట్నుంచి ఏది కావాలన్నా ఆయనే. టెలిస్కోపు గొట్టానికి మంచు పట్టకుండా తొడుగులు, స్టాండు కాళ్లకు రబ్బరు బూట్లు, పగలు సూర్యుణ్ణి చూడ్డానికి గొట్టం మూతికి బిగించే మూతలు. మూతకు వెండిలా మెరిసే ఫిల్టరు పొర అతికిస్తాడు. ఆ పొరను డప్పులా బిగించకూడదు. వదులుగా, కాస్త ముడతలు పడేటట్టే ఉంచాలి. లేకపోతే సూర్యుడి అంచు చెదిరిపోతుంది.

"ఇస్త్రీ చేసుకురావడానికి బద్ధకమా, మూతల మేస్త్రీ?" అనేవాడు లాయరు, నలుగురూ నవ్వేలా. ఆ పేరు అలా అంటుకుపోయింది.

ఒకనాడు లాయరు సూర్యుణ్ణి చూస్తుండగా గాలి విసిరికొట్టి మూత సగం ఊడింది. మేస్త్రి ఎగిరి అరచెయ్యి గొట్టానికి అడ్డం పెట్టాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే లాయరు కన్ను దక్కేది కాదు. అప్పుడే మేస్త్రి ఒక నియమం పెట్టాడు: సూర్యుణ్ణి చూస్తున్నంతసేపూ మూత దగ్గర ఒక మనిషి చెయ్యి వేసి నిలబడాలి.

లాయరు ఆ వణుకులోనే మాటిచ్చాడు. "బుధగ్రహం నల్లచుక్కలా సూర్యుడి మీదుగా వెళ్లే రోజొస్తోంది కదా. ఆ రోజు మొదటి చూపు నీదేనయ్యా. నా బాకీ అనుకో."

మేస్త్రికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎందుకంటే ఆయన చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. మందులు వేసినా చూపు ఇరుకైపోతూనే ఉంటుందని కంటి డాక్టరు తేల్చేశాడు. బుధుడు ఈసారి దాటిపోతే మళ్లీ వచ్చేది ఏళ్ల తర్వాతే. చూస్తే ఇప్పుడే చూడాలి.

ఆ రోజు కాలేజీ మైదానంలో జనం విరగబడ్డారు. మేస్త్రి మూత బిగించి, చెయ్యి వేసి నిలబడ్డాడు. ముందు ఎవరో పెద్ద ఆఫీసరు చూశారు. తర్వాత ఆఫీసరు భార్య, వాళ్ల బంధువులు. అలా గంటలు గడిచాయి. చూసినవాళ్లంతా గొట్టం వెనకనుంచి "అబ్బ!" అంటున్నారు. ముందు నిలబడ్డ మేస్త్రికి వాళ్ల నెత్తులు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"సార్, నేనొక్కసారి..." అన్నాడు.

"చూద్దువుగానిలే. ముందు నీ చోట ఎవరన్నా నిలబడాలి కదా?"

"మీరు కాసేపు..."

"నేనా?" లాయరు కోటు సర్దుకున్నాడు. "ఈ ఎండలోనా? నియమం పెట్టింది నువ్వే. నువ్వు చెయ్యి తీశాక ఎవరి కన్నన్నా పోతే పూచీ ఎవరిది?"

క్యూలోంచి ఒకడు అరిచాడు. "మూతల మేస్త్రీ, కదలకు! నువ్వు కదిలితే బుధుడు కదుల్తాడు!" మైదానమంతా గొల్లుమంది.

మేస్త్రి భార్య గొడుగు పట్టుకుని వచ్చింది. "వదిలేసి రండి. మీ చెయ్యేమన్నా కొయ్యగుంజా?"

"వదిలితే ఎవరి కన్నో పోతుందే. పాపం చుట్టుకోదూ?"

"అయితే నేను నిలబడతాను, జరగండి."

లాయరు ఒప్పుకోలేదు. "ఇది వంటింటి మూత కాదమ్మా." మళ్లీ నవ్వులు. ఆ నవ్వులు ఆగేసరికి బుధుడు సూర్యుడి అంచు దాటిపోయాడు. క్యూ చెదిరింది. మేస్త్రి మూత విప్పి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాడు.

మళ్లీ బుధుడు వచ్చేనాటికి మేస్త్రికి పగలూ రాత్రీ ఒకటే అయ్యాయి. లాయరు ఫోను చేశాడు.

"మేస్త్రీ, నీకో చూపు బాకీ ఉన్నాను, గుర్తుందా? ఈసారి పత్రికలవాళ్లొస్తున్నారు. మొదటి చూపు నీదే."

"సార్, నాకు ఇప్పుడు బొత్తిగా..."

"తెలుసయ్యా. వచ్చి వంగితే చాలు."

"వెళ్లకండి," అంది భార్య. "మిమ్మల్ని బొమ్మలా నిలబెట్టి ఆడిస్తారు."

"పెద్దమనిషి మాట నిలబెట్టుకుంటానంటుంటే కాదనడం బాగుంటుందా?"

చివరికి ఆమే ఆయన చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకెళ్లింది. గొట్టం వేళ్లకు తగలగానే మేస్త్రి అలవాటుగా మూతవైపు తడుముకుంటూ పోయాడు.

"అటు కాదు, ఇటు!" లాయరు ఆయన భుజాలు పట్టి తిప్పి, తల వంచి ఐపీసుకు ఆనించాడు.

"కన్ను బాగా తెరవమనండి సార్, ఫొటోలో మూసుకున్నట్టొస్తోంది," అన్నాడు ఫొటోగ్రాఫరు.

మేస్త్రి కన్ను తెరిచాడు. రెప్పకు ఐపీసు రబ్బరు వెచ్చగా తగిలింది. అంతే.

"కనబడిందా?" లాయరు మైకు దగ్గరికి జరిపాడు.

వెనక అంత పెద్ద క్యూ నిలబడి ఉంది. వాళ్లను ఎండలో ఉంచి వాదనేమిటనిపించింది మేస్త్రికి. దేవుడు ఈ ఒక్క అబద్ధం పట్టించుకోడులే అనుకున్నాడు.

"కనబడింది సార్. చిన్నగా, గుండ్రంగా."

చప్పట్లు మోగాయి. భార్య లాయరు దగ్గరికి వెళ్లింది. "నేనొక్కసారి చూడనాండీ? ఎలా ఉందో ఈయనకు చెబుతాను."

"క్యూలో రండమ్మా, అందరూ మనుషులే," అని లాయరు మేస్త్రి వీపు తట్టాడు. "ఇంక మనిద్దరికీ చెల్లు, మేస్త్రీ."

"చెల్లు సార్," అన్నాడు మేస్త్రి, గొంతు వచ్చిన వైపుకు చేతులు జోడించి.