కోటేశ్వరి రాయించిన ఉత్తరం

ఆ వ్యాసాన్ని కోటేశ్వరి రెండుసార్లు చదివింది. మొదటిసారి సంబరంగా మొదలుపెట్టింది. రెండోసారి పళ్లు బిగబట్టి ముగించింది.

అది 1979. బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక రంగూన్‌లో ఇంగ్లీషు పత్రికలు కంటపడేది ఎంబసీ లైబ్రరీలోనే, అదీ నెలల తరబడి పాతబడ్డాక. లండన్‌లో అచ్చయిన ఆ పత్రికలో, బ్రిటన్‌లో సినిమా నిర్మాతలుగా ఎదిగిన ఆడవాళ్ల గురించి ఆరు పేజీలు వేశారు. ఒకావిడ ఎడిటింగ్ గదిలో ఫిల్మ్ ముక్కలు అతికిస్తూ మొదలుపెట్టిందట. ఇంకొకావిడ స్టూడియోలో ఫోన్లు ఎత్తుతూ. మూడో ఆవిడ ఐరిస్ థార్న్‌బరీ. తొమ్మిదేళ్లు టైపిస్టుగా ఉండి, షూటింగు లెక్కంతా తానే నడిపి, పేరు మాత్రం మగవాళ్లకు వదిలేసి, చివరికి సొంత కంపెనీ పెట్టుకుంది. ఇదంతా కోటేశ్వరికి తెలుసు. నదికి అవతలి ఒడ్డున ఉన్న దలా వెళ్లే ఫెర్రీలో ఐరిస్ స్వయంగా చెప్పింది. తెర మీద తన పేరు చూసుకోవడానికి పదకొండు సినిమాలు పట్టాయని చెబుతూ కళ్లు తుడుచుకుంది కూడా.

కింద ఐరిస్ మాటలుగా రెండు వాక్యాలున్నాయి. ‘రంగూన్‌లో నాకు తోడు ఎవరూ లేరు. ఆ మూడు వారాలూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చాను.’

కోటేశ్వరిది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. రంగూన్‌లోని తామ్వే పేటలో తల్లి వెంకమ్మతో ఉంటోంది. సోయ్ విన్ అనే ఆయన సినిమా కంపెనీలో పదమూడేళ్లుగా పనిచేస్తోంది. కాగితం మీద టైపిస్టు. నిజానికి షూటింగుకి లారీ కదలాలన్నా, సెన్సారు వాళ్లు సంతకం పెట్టాలన్నా ఆవిడే. రెండేళ్ల కిందట ఐరిస్ నది పడవల మీద డాక్యుమెంటరీ తీయడానికి వస్తే సోయ్ విన్ ఆమెకు సాయంగా కోటేశ్వరిని అప్పగించాడు. విమానాశ్రయంలో చిక్కుపడ్డ ఫిల్మ్ డబ్బాల కోసం కోటేశ్వరి నాలుగు రోజులు ఆఫీసు వరండాలో కూర్చుంది. కెమెరా చూసి మొహం తిప్పుకున్న దలా పడవవాళ్లతో కలిసి భోంచేసి, వాళ్లను ఒప్పించింది. ఐరిస్ వెళ్లిన నెలకి, గూఢచారి శాఖ వాళ్లు వచ్చి కోటేశ్వరిని తీసుకెళ్లి రెండు రోజులు ప్రశ్నలు వేశారు. తెల్లామె ఏం తీసింది, ఎవరిని కలిసింది అని.

వ్యాసం చదివిన రోజు ఇంటికొచ్చి కోటేశ్వరి కంచం ముట్టలేదు.

“తెల్లామె రాసుకున్న దానికి నువ్వు అన్నం మానీడమేటే?” అంది వెంకమ్మ. “ఆవిడ పని ఆవిడ సెప్పుకుంది.”

“ఆవిడ పని కాదమ్మా, నా పని. సోయ్ విన్ అలగ సేత్తే నాకు అలవాటే. ఈవిడికి ఆ బాధ తెలుసు గదా. తెలిసీ సేసింది.”

వానలు వెనకపట్టాక టెలిగ్రాం వచ్చింది. ఐరిస్ రెండో సినిమాకి వస్తోంది, నీ సాయం కావాలి అని. కోటేశ్వరి ఆ పేజీలను లైబ్రరీలో కూర్చుని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, సంచిలో పెట్టుకుని హోటలుకి వెళ్లింది.

ఐరిస్ వరండాలో టైపు మిషన్ ముందు ఉంది. “కేటీ!” అంటూ లేచింది. పూర్తి పేరు ఆమెకు నోరు తిరగలేదు.

కోటేశ్వరి కూర్చోకుండానే కాగితం తీసి ఆ రెండు వాక్యాలూ చదివింది. ఐరిస్ మొహం ఎర్రబడింది.

“నీ క్షేమం కోసమే. ఇక్కడి ప్రభుత్వం సంగతి నీకు తెలుసు కదా. నీ పేరు అచ్చులో పడితే...”

“నన్ను అడిగారా?”

ఐరిస్ మళ్లీ కుర్చీలో కూర్చుంది.

“మీరు వెళ్లాక నన్ను రెండు రోజులు కూర్చోబెట్టారు. వాళ్ల దగ్గర నా పేరు ఉంది, మా నాన్న పేరు ఉంది, ఇంటి నంబరు ఉంది. లేనిది మీ దగ్గరే. పేరు చెప్పడానికి భయమైతే ‘ఒక మనిషి ఉంది’ అని రాయొచ్చు. ఎవరూ లేరని రాశారు.”

 తప్పు దిద్దుతూ పత్రికకు ఉత్తరం రాస్తానంది ఐరిస్. కోటేశ్వరి ‘ఇప్పుడే’ అంది. ఐరిస్ కాగితం ఎక్కించి టైపు చేయడం మొదలుపెట్టింది. భుజం మీదుగా చూస్తున్న కోటేశ్వరి, ‘అక్కడ నాకు చేదోడుగా ఉన్న ఒక స్థానిక యువతి’ అన్న చోట చెయ్యి చాపి కాగితాన్ని మిషన్లోంచి లాగేసింది.

“నాకు ముప్పై ఆరేళ్లు. ప్రొడక్షన్ మేనేజరు అని రాయండి. పేరు నేను అక్షరం అక్షరం చెబుతాను.”

ఐరిస్ కొత్త కాగితం తీసింది. నకలు కూడా టైపు చేయించి, రెండింటి మీదా సంతకం పెట్టించి, కోటేశ్వరి ఒకటి తీసుకుంది.

“రేపు పొద్దున ఫెర్రీ దగ్గరికి వస్తావుగా?” అనడిగింది ఐరిస్, తేలికపడిన గొంతుతో.

“రాను.”

“ఉత్తరం రాశాను కదా.”

“అది రెండేళ్ల కిందటి పనికి.”

ఐరిస్ ఇంకెవరినో పెట్టుకుంది. పడవవాళ్లు మొదటిరోజు వచ్చి రెండోరోజు రాలేదు. పర్మిట్ మీద పడాల్సిన సంతకం పడలేదు. వీసా గడువు తీరేసరికి ఆమె సగం ఫిల్మ్ కూడా వాడకుండా విమానం ఎక్కింది. ఆ సంగతి విన్నప్పుడు కోటేశ్వరికి సంతోషం కలగలేదు. ఆ పని తన చేతుల్లో ఎలా నడిచేదో కళ్లకు కట్టింది, కోపం ఇంకొంచెం పెరిగింది.

ఆ కోపంతోనే మర్నాడు సోయ్ విన్ గదిలోకి వెళ్లింది.

“ఊ సోయ్ విన్,” అంది, బర్మాలో ‘గారు’ అన్నట్టుగా. “ఇప్పుడు తీస్తున్న సినిమాకి తెర మీద నిర్వహణ అని ఎవరి పేరు పడుతుంది?”

“మా బావమరిదిది. ఎప్పటిలాగే.” ఆయన తలెత్తలేదు. “అయినా కోటేశ్వరీ, ఇండియా పేరు వేస్తే సెన్సారు వాళ్లు ఏమంటారో.”

“సెన్సారు ఆఫీసుకి పదమూడేళ్లుగా ఈ పేరే వెళ్తోంది. ఆ కాగితాల మీద సంతకాలు నావి.”

ఆయన నవ్వాడు. ఆవిడ ఆఫీసు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపోయింది. నాలుగు రోజులు షూటింగు ఆగింది. బావమరిదికి ఏ లారీ ఎక్కడుందో తెలియలేదు, హీరోయిన్ ఏ రోజు ఖాళీయో తెలియలేదు. అయిదోరోజు సోయ్ విన్ తామ్వేకి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నేల మీద కూర్చున్నాడు. వెంకమ్మ టీ ఇచ్చింది.

“బావమరిది పేరు కింద నీ పేరు వేయిస్తాను,” అన్నాడు.

“కింద కాదు.”

“పక్కన.”

కోటేశ్వరి ఒప్పుకుంది. ఆ మాట నోటివెంట వచ్చాక తన మీద తనకే మండింది. ఆ బావమరిది ఒక్క రోజు కూడా ఎండలో నిలబడలేదు. ఆయన పక్కన తన పేరు.

“ఇదొక్కదానికే,” అంది. “వచ్చే సినిమాకి ఆయన పేరు ఉంటే నేను ఉండను.”

సోయ్ విన్ టీ పూర్తిగా తాగకుండానే లేచి, చెప్పులు వేసుకుని, సరేనని గానీ కాదని గానీ అనకుండా మెట్లు దిగిపోయాడు.