ఆ ఒకావిడ

నాకు నోరెక్కువ. గుంటూరు మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగ్ అయిన రోజుల్నించీ అందరూ అనే మాటే, నేనేమీ కాదనను. కానీ 1982లో, ఆరిజోనాలో, ఆ నోటితోనే ఒక ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చాను.

అది నవహో అనే అక్కడి ఆదివాసుల కోసం పెట్టిన ఆస్పత్రి. "ఇండియన్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది" అని ఉత్తరం రాస్తే మా పిన్ని "అయితే గోంగూరకి లోటుండదు" అని జవాబు రాసింది. ఆ ఇండియన్లు వేరే, ఆ నేల వాళ్ళదే, మనమే పరాయివాళ్ళం అని చెప్పడానికి ఇంకో రెండు ఉత్తరాలు పట్టాయి.

ఆ ముసలావిడ మిసెస్ సోసీ. డెబ్బై దాటాయి. పిత్తాశయంలో రాళ్ళు, చీము, ఒళ్ళు కాలిపోయే జ్వరం. మా సర్జన్ కృష్ణమోహన్ గారిది తెనాలి. రేపు పొద్దున్నే ఆపరేషన్ చెయ్యకపోతే లోపలే పగులుతుందన్నారు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే ఫారం చదివి వినిపించి వేలిముద్ర తీసుకునే పని నాకప్పగించారు.

శ్రద్ధగానే చదివాను. నా ఇంగ్లీషుని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పడానికి నవహో అమ్మాయి లొరేన్ పక్కనే ఉంది. గుండె ఆగవచ్చు. రక్తం ఆగకపోవచ్చు. నువ్వు చచ్చిపోవచ్చు. అక్కడ లొరేన్ నాకేసి చూసి, "అంతా చెప్పాలా?" అంది.

"ఒక్క ముక్క వదలకుండా" అన్నాను.

మిసెస్ సోసీ చివరిదాకా విన్నది. దుప్పటి మడిచి మంచం మీద పెట్టింది, బూట్లు తొడుక్కుంది, గోడ పట్టుకుని మెల్లగా నడిచి బయట కొడుకు పికప్ ట్రక్కులో ఎక్కి కూర్చుంది. ఇంటికి పోదామంటోందట.

నాకు ఒళ్ళు మండింది. మండినా, అసలు ఎందుకలా చేసిందో తెలుసుకోకపోతే ఆ పూట నాకు అన్నం సయించేలా లేదు. "భయపడిందా?" అని లొరేన్‌ని అడిగాను.

"భయం కాదు. ఆమెకి అలా జరగాలని నువ్వే పలికావు. మా పెద్దవాళ్ళకి మాటంటే ఉత్త గాలి కాదు." తర్వాత నన్నే అడిగింది. "మీ అమ్మమ్మకైతే మీ భాషలో ఎలా చెప్తావు?"

చెబుదామని నోరు తెరిచాను. రాలేదు.

మా అమ్మమ్మ తలగడ కింద బైబిలు పెట్టుకుని పడుకునే మనిషి. అయినా డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనేది. దీపం ఆరితే "కొండెక్కింది" అనేది. నేను గుమ్మం దిగుతూ "వెళ్తాను" అంటే వెనక్కి పిలిచి "వెళ్ళొస్తాను" అనిపించేది. తథాస్తు దేవతలు మనకి లేరు కదా అని ఎగతాళి చేస్తే, "ఆమెన్ అనేవాళ్ళు మాత్రం లేరా? నోర్ముయ్యి" అనేది. అలాంటి ఇంట్లో పెరిగి, ఒక పెద్దావిడ మొహం మీద చావు మాట టపీమని అనేశాను. ఇంగ్లీషులో కాబట్టి నాలుక మీద చురుక్కుమనలేదు. సిగ్గేసింది.

కృష్ణమోహన్ గారి దగ్గరికి వెళ్ళాను.

"రిస్క్ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యకుండా నేను కత్తి పట్టుకోను సిస్టర్" అన్నారాయన. "లైసెన్స్ సంగతి అలా ఉంచండి, తెలుసుకోవడం ఆవిడ హక్కు."

"వద్దని నేనన్నానా డాక్టర్‌గారూ? మీ అమ్మగారికైతే ఎలా ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు?"

"మా అమ్మకా? అమ్మా, ఒకవేళ ఏమన్నా అయితే..." అని ఆగిపోయారు.

"ఆ 'ఏమన్నా' అనే మాట ఫారంలో ఎక్కడుందో చూపించండి."

ఆయన ఫారం నా చేతికే తిరిగిచ్చారు. "ఎలాగైనా చెప్పండి. కానీ అన్నీ చెప్పండి. అబద్ధం మాత్రం వద్దు."

వాళ్ళ పెద్దవాళ్ళు ఇలాంటివి ఎలా చెప్పుకుంటారని లొరేన్‌ని అడిగాను. ఎదుటివాళ్ళ మీద పెట్టకుండా, ఇంకెవరికో జరిగినట్టు చెప్తారంది. ఇద్దరం ట్రక్కు దగ్గరికి వెళ్ళాం. కిటికీ అద్దం దించి ఉంది.

"ఒకావిడ ఉండేది" అని మొదలుపెట్టాను. "ఆవిడకీ ఇదే నొప్పి. డాక్టరు పొట్ట కోసి రాళ్ళు తీశాడు. అలా తీయించుకున్నవాళ్ళు చాలామంది ఇళ్ళకెళ్ళి గొర్రెల్ని చూసుకుంటున్నారు. కొందరికి రక్తం ఆగలేదు. ఒకావిడ ఆ మత్తులోంచి లేవలేదు. అసలు ఆపరేషనే వద్దని ఇంటికి వెళ్ళిపోయినావిడ కూడా ఉంది. ఆవిడా లేవలేదు."

లొరేన్ చెప్తుంటే మిసెస్ సోసీ ఎర్రటి కొండలకేసి చూస్తూ విన్నది. అంతా అయ్యాక నావైపు తిరిగి ఏదో అడిగింది.

"మత్తులోంచి లేవనావిడ పక్కన ఎవరైనా ఉన్నారా, అంటోంది" అంది లొరేన్.

ఆవిడ మా అమ్మమ్మ. గుంటూరులో నేను పనిచేసిన ఆస్పత్రిలోనే, కింద వార్డులో. ఈ సంగతి అమెరికా వచ్చాక ఎవరికీ చెప్పలేదు.

"లేరు" అన్నాను. "మనవరాలు అక్కడే నర్సు. డ్యూటీ అని పై వార్డులో ఉండిపోయింది."

మిసెస్ సోసీ నన్ను పరీక్షగా చూసింది. తర్వాత తలుపు తీసుకుని దిగి, ఫారం కోసం చెయ్యి చాపింది. బానెట్ మీద పెట్టి వేలిముద్ర వేస్తూ ఒక్క మాట అంది.

"ఈసారి ఆ మనవరాల్ని ఉండమను, అంటోంది" అంది లొరేన్.

మర్నాడు నా డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, ఆపరేషన్ అయ్యేదాకా తలుపు బయట, అయ్యాక మంచం పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ రెప్పలు కదిలాయి. కళ్ళు తెరిచి, గదంతా వెతికి, నా దగ్గర ఆగి ఏదో గొణిగింది.

లొరేన్ నవ్వింది. "మనవరాలు వచ్చినట్టుందే, అంటోంది."

"వచ్చాను అమ్మమ్మా" అన్నాను, తెలుగులోనే. దాన్ని మార్చి చెప్పమని లొరేన్‌ని అడగలేదు.